ఆటలో అరటిపండు

ఈ మాట తెలియని తెలుగువాడు ఉండడు. మరీ చిన్నపిల్లాడో, ఆట సరిగ్గా రానివాడో వచ్చి "నేనూ ఆడతా" అని ఏడుపు మొహం పెడితే, "సరేరా, వీణ్ణి ఆటలో అరటిపండుగా పెట్టుకోండి" అనేవాళ్ళం. వాడు ఆటలో ఉన్నట్టే ఉంటాడు. కానీ వాడు అవుటైనా ఒకటే, కాకపోయినా ఒకటే. వాణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏడాది తిరిగేసరికి కాస్త ఎత్తు పెరుగుతాడు, ఆట నేర్చుకుంటాడు, అరటిపండు హోదా పోతుంది.

చక్రాల కుర్చీలో ఉన్న పిల్లలకి మాత్రం ఆ హోదా పోదు. మహా అయితే కొంచెం గౌరవంగా మారుతుంది. స్కోరు రాయమంటాం. చెప్పులకీ సంచులకీ కాపలా ఉండమంటాం. అంపైర్ అంటాం. పదేళ్ళపాటు గట్టుమీద కూర్చుని అందరి ఆటా చూసిన పిల్లకి క్రికెట్ రూల్సు మనకంటే బాగా తెలుస్తాయి. బంతి చేతికి తగిలితే ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

అందుకే ఈ వ్యాసం. మన కాలేజీ బస్సులు రోజూ దాటి వెళ్ళే పెదకాకానిలో, చక్రాల కుర్చీతో నేరుగా లోపలికి వచ్చి ఆడుకోగలిగే ఒక ఆటస్థలాన్ని ఊరి చందాతో కట్టుకోవాలని నా ప్రతిపాదన. డబ్బు దొరుకుతుందా లేదా అన్నది నన్ను పెద్దగా బెంగపెట్టడం లేదు. ఆ డబ్బుని ఏ పద్ధతిలో అడుగుతాం, దేనికి ఖర్చు పెడతాం అన్నదే అసలు సంగతి. దానంగా అడిగితే మళ్ళీ అరటిపళ్ళనే తయారుచేస్తాం. చందాగా అడిగితే ఆటగాళ్ళు తయారవుతారు.

కుర్చీ ఇచ్చాం, నేల ఇవ్వలేదు

చక్రాల కుర్చీలు పంచే కార్యక్రమాలు మనకి కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకం కింద శిబిరాలు పెడతారు, కాన్పూరులోని అలిమ్‌కో సంస్థ తయారుచేసిన కుర్చీలూ ట్రైసైకిళ్ళూ ఇస్తారు. క్లబ్బులు ఇస్తాయి, నాయకుల పుట్టినరోజులకి ఇస్తారు. వేదిక, ఫ్లెక్సీ, వరసగా కుర్చీలు, వాటిలో పిల్లలు, వెనక దాతలు, ఫొటో. మంచిదే, కాదనను. ఆ కుర్చీ లేకపోతే గడపే దాటలేరు.

కానీ కుర్చీ ఇంటికొచ్చాక ఎక్కడ తిరుగుతుంది? మనది నల్లరేగడి నేల. వానపడితే ఉబ్బుతుంది, ఎండాకాలం నోళ్ళు తెరుస్తుంది. కుర్చీ ముందు చక్రాలు అరచెయ్యంత ఉంటాయి. బురదలో కూరుకుపోవడానికీ, నెర్రెలో ఇరుక్కోవడానికీ అవి చాలు. బడి గ్రౌండులో ఇసుక, పార్కులో కంకర, గేటు దగ్గర పశువులు రాకుండా పెట్టిన ఇనపకడ్డీల వంకర దారి. ఆ వంకర దారి గేదెని ఆపుతుందో లేదో గానీ కుర్చీని మాత్రం తప్పకుండా ఆపుతుంది.

మన జిల్లాలో కొత్త బండి కొంటే పెదకాకాని శివాలయానికి తీసుకెళ్ళి పూజ చేయించడం చాలామందికి అలవాటు. కారుకి, ట్రాక్టరుకి, స్కూటీకి నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆలోచిస్తే చక్రాల కుర్చీ కూడా బండే. మిగతా బండ్లకి గుడి ముందు నుంచి ఆరు వరసల జాతీయ రహదారి దాకా దారి వేసుకున్నాం. ఈ బండికి మాత్రం వందడుగుల చదునైన నేల లేదు.

బళ్ళలో ర్యాంపులు లేవా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. చాలా బళ్ళు ఎన్నికలప్పుడు పోలింగ్ కేంద్రాలు. ప్రతి కేంద్రానికీ ర్యాంపు ఉండాలని ఎన్నికల సంఘం పట్టుబడుతుంది కాబట్టి వరండా ఎక్కడానికి ఒక వాలు వచ్చింది. సంతోషం. ఆ వాలు గది దాకా తీసుకెళ్తుంది, గ్రౌండు దాకా తీసుకురాదు. అంటే ఓటు వయసు వచ్చినవాళ్ళకి ఐదేళ్ళకోసారి దారి దొరికింది, ఆడుకునే వయసులో ఉన్నవాళ్ళకి రోజూ సాయంత్రం దొరకలేదు.

పేర్లు మాత్రం శ్రద్ధగా మార్చాం. వికలాంగులు అన్నాం, విభిన్న ప్రతిభావంతులు అన్నాం, దివ్యాంగులు అన్నాం. మెట్టు మెట్టుగానే ఉంది.

"మన ఊళ్ళో అలాంటివాళ్ళు ఎంతమందిలే?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నలుగురు పిల్లల కోసం లక్షలు పెట్టాలా అంటారు. దీనికి మూడు జవాబులు.

మొదటిది, వాళ్ళు మనకి కనపడకపోవడానికి కారణం తక్కువమంది ఉండటం కాదు, బయటికి రాలేకపోవడం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. మన బడుల్లో, పార్కుల్లో, తిరునాళ్ళలో మనకి కనపడేవాళ్ళు వందకి ఇద్దరైనా ఉంటున్నారా? మిగిలినవాళ్ళు ఎక్కడున్నట్టు? వంతెన లేని కాలవ ఒడ్డున నిలబడి, ఇక్కడ ఎవరూ దాటడం లేదు కాబట్టి వంతెన అక్కర్లేదు అనడం ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

రెండోది, చదునైన నేల కుర్చీవాళ్ళది మాత్రమే కాదు. మోకాళ్ళ నొప్పుల అవ్వ, చంటిబిడ్డ తల్లి, కాలు విరిగి కట్టు కట్టించుకున్న మన హాస్టల్ మిత్రుడు, అందరూ దానిమీదే నడుస్తారు. మెట్లెక్కగలిగినవాడికి ర్యాంపు అడ్డం కాదు. ర్యాంపు కావలసినవాడికి మెట్టు గోడే.

మూడోది, ప్రతిభ అనేది గ్రౌండులో ఉంటేనే కంటపడుతుంది. వరంగల్ జిల్లా కల్లెడకి చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టి20 విభాగంలో కాంస్యం తెచ్చింది. ఆమెది కుర్చీ అవసరమయ్యే వైకల్యం కాదు. బడి గ్రౌండులో పరుగెత్తింది కాబట్టి గురువుల కంటపడింది. గట్టుమీద కూర్చోబెట్టిన పిల్ల ఏ కోచ్‌కి కనపడుతుంది? సత్తుపల్లికి చెందిన మాధవీలత గారి సంగతి చూడండి. పసితనంలోనే పోలియో వచ్చింది. ఆవిడ ఉద్యోగంలో స్థిరపడ్డాక ఈతలోకి వచ్చి జాతీయ స్థాయిలో పతకాలు గెలిచారు, ఆ తర్వాత భారత వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ సమాఖ్యని స్థాపించారు. అంత సత్తా ఉన్న మనిషి ఆటలోకి రావడానికి అన్నేళ్ళు పట్టింది. అన్నేళ్ళు ఆగకుండా పదేళ్ళకే రాగలిగితే ఎలా ఉంటుందన్నదే ప్రశ్న.

నిజానికి పతకం కూడా అవసరం లేదు. మిగతా పిల్లల్ని ఆటకి పంపేటప్పుడు "నువ్వు ఒలింపిక్స్‌కి వెళ్తావా?" అని అడగం కదా. ఓడిపోయి, పోట్లాడుకుని, చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చి తిట్లు తినే హక్కు కూడా బాల్యంలో భాగమే.

దానం వేరు, చందా వేరు

ఇక డబ్బు. ఈ ప్రాంతానికి చందాలు వసూలు చేయడం ఎవరూ నేర్పక్కర్లేదు. కోటప్పకొండ తిరునాళ్ళకి ఊరూరా ప్రభలు కడతారు. మబ్బుల్ని తాకేలా కట్టి, విద్యుద్దీపాలు పెట్టి కొండదాకా తీసుకెళ్తారు. ఆ ఖర్చంతా ఊరి చందానే. మిరప కల్లం ఎత్తి డబ్బు చేతికొచ్చాక ఎకరానికి ఇంత అని వేసుకుని రామాలయాలు కట్టుకున్నాం, ఎడ్ల పందేలు నడుపుతున్నాం.

దానానికీ చందాకీ తేడా గమనించండి. దానంలో ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద. పుచ్చుకున్నవాడు నోరెత్తి "ఈ కుర్చీ నా కొలతకి సరిపోలేదండీ" అనలేడు. చందా అలా కాదు. యాభై రూపాయలిచ్చినవాడు కూడా రామాలయం అరుగుమీద కూర్చుని "లెక్క చదవండి" అంటాడు. సున్నం తక్కువైందని, మైకు సెట్టు వాడికెందుకిచ్చారని గొడవపెడతాడు. ఆ గొడవ చిరాగ్గా ఉంటుంది గానీ, "ఇది మనది" అన్న భావం అందులోంచే వస్తుంది. ఆటస్థలం కూడా అలా "మనది" కావాలి. "వాళ్ళకోసం మనం కట్టించింది" కాకూడదు.

దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రి ఉంది. దాని వెనక 1998లో అమెరికాలో ప్రవాస భారతీయులు మొదలుపెట్టిన శంకర ఐ ఫౌండేషన్ పోగుచేసిన విరాళాలున్నాయి. నాకు నచ్చింది ఆ భవనం కాదు, అది నడిచే లెక్క. డబ్బు కట్టగలిగిన 20 శాతం మంది నుంచి వచ్చే రాబడి, కట్టలేని 80 శాతం మందికి ఉచిత వైద్యం చేయడానికి ఊతం. ఊళ్ళకి బస్సు పంపి, ఆపరేషన్ చేసి, మళ్ళీ ఇంటిదగ్గర దించుతారు. కట్టడమే కాదు, కట్టాక రోజూ ఎలా నడుస్తుందో ముందే ఆలోచించుకున్నారు. గుంటూరు పెద్దాసుపత్రిలో తల్లీబిడ్డల భవనానికి అమెరికాలోని గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థులు నిధులు కూడగట్టారు. అక్కడే చదివిన డాక్టర్ గవిని ఉమాదేవి గారు 2022లో దాదాపు 20 కోట్ల రూపాయల ఆస్తి ఇచ్చేశారు. ఇచ్చే చెయ్యి ఈ జిల్లాలో ఉంది, ఈ జిల్లా నుంచి వెళ్ళినవాళ్ళ దగ్గరా ఉంది. అడిగే పద్ధతి మనం సరిగ్గా పెట్టుకోవాలి.

నా దృష్టిలో ఆ పద్ధతి ఇలా ఉండాలి.

పిల్లల ఫొటోలతో అడగొద్దు. ఏడుస్తున్న మొహం, పక్కన క్యూఆర్ కోడ్. ఇలాంటి పోస్టులు డబ్బు తెస్తాయి, నిజమే. కానీ ఆ పిల్ల రేపు మన కాలేజీలో చేరినప్పుడు కూడా ఆ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఫొటో పెట్టాల్సిందే అయితే స్థలానిది పెడదాం, ప్లానుది పెడదాం.

కమిటీలో కుర్చీ వాడే పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ ఉండాలి. సలహాదారులుగా కాదు, సంతకం పెట్టేవాళ్ళుగా. బ్యాంకు ఖాతాకి మూడు సంతకాలుంటే అందులో ఒకటి అలాంటి తల్లిదో తండ్రిదో కావాలి.

లెక్క వారం వారం పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ ఒకే బోర్డు మీద, ఒకే సైజు అక్షరాల్లో, అకారాది క్రమంలో రాయాలి. మన గుళ్ళలో ఫ్యాను రెక్క తిరుగుతుంటే దాత పేరు కూడా తిరుగుతుంటుంది. ఆ అలవాటు ఇక్కడ మానుకుందాం.

అన్నిటికంటే ముఖ్యం, కట్టేందుకు ఒక చందా, నడిపేందుకు ఇంకో చందా. ప్రారంభోత్సవానికి డబ్బిచ్చేవాళ్ళు దొరుకుతారు. ఊడిపోయిన పలకకీ, మాడిపోయిన లైటుకీ, ఊడ్చే మనిషి జీతానికీ ఇచ్చేవాళ్ళు దొరకరు. 500 ఇళ్ళు నెలకి 20 రూపాయలు వేసుకుంటే నెలకి 10,000, ఏడాదికి 1,20,000 రూపాయలు. ఈ చిన్న మొత్తం నిలకడగా వస్తేనే ఆ పెద్ద మొత్తానికి అర్థం. లేకపోతే మూడేళ్ళలో అక్కడ పిచ్చిచెట్లు మొలుస్తాయి.

కట్టాల్సింది ఏమిటి?

మన ఇంజనీరింగ్ చదువు పనికొచ్చే చోటు ఇది. చాలామంది అనుకున్నట్టు ఖరీదైన విదేశీ పరికరాలు అక్కర్లేదు. మొదటి ఖర్చు నేల, రెండో ఖర్చు నేల, మూడో ఖర్చు కూడా నేలే.

నల్లరేగడి మీద నేరుగా కాంక్రీటు పోస్తే రెండు వానాకాలాల్లో పగులుతుంది. పై మట్టి తీసి, గ్రావెల్ నింపి, బాగా దిమ్మిస చేసి, జాయింట్లు సరిగ్గా వదిలి పోయాలి. నీళ్ళు నిలవకుండా కొద్దిపాటి వాలు ఉండాలి. సివిల్ వాళ్ళకి ఇది మూడో సంవత్సరం పాఠమే. ర్యాంపు వాలు 1:12 మించకూడదు. గుర్తుపెట్టుకోవడం తేలిక: ఎన్ని అంగుళాల ఎత్తో, అన్ని అడుగుల పొడవు. అడుగున్నర అరుగు ఎక్కాలంటే 18 అడుగుల ర్యాంపు. ఆరడుగుల్లో ముగించేసిన ర్యాంపు ఎక్కడానికి కాదు, వెనక్కి పడటానికి. గేటు కనీసం మూడడుగులు, కుర్చీ తిరగడానికి ఐదడుగుల వెడల్పు స్థలం. లోపలికి తిరగగలిగిన మరుగుదొడ్డి ఒకటి. ఇది లేకపోతే ఆడపిల్లలు గంట కూడా ఉండలేరు. మన ఎండలకి కుర్చీ ఇనపచట్రం కాలుతుంది కాబట్టి నీడ, సాయంత్రం ఆటకి దీపాలు.

ఆటలు? బోచా అనే ఆట ఉంది. 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు చదునైన నేలమీద తెల్లబంతికి దగ్గరగా మన బంతుల్ని వేయాలి. మన గోళీలాటకి దూరపు చుట్టం అనుకోండి. చేతులు కూడా సరిగ్గా ఆడని పిల్లలు చిన్న వాలుపలక మీంచి బంతిని దొర్లిస్తారు. 1984 నుంచి ఇది పారాలింపిక్ క్రీడ. దీనికి కావలసింది నేల, రంగు గీతలు, బంతులు. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌కి కోర్టు మామూలుదే, బుట్ట ఎత్తు కూడా మామూలు పది అడుగులే. వీల్‌చైర్ టెన్నిస్‌లో అదే రాకెట్, అదే బంతి, అదే కోర్టు. మార్చింది ఒక్క నియమమే, బంతి రెండుసార్లు నేలని తాకొచ్చు. ఈ ఒక్క సవరణతో ఒక మనిషి గట్టుమీంచి కోర్టులోకి వచ్చేశాడు. మన గల్లీ క్రికెట్‌లో గోడకి తగిలితే టూ డీ అని, పక్కింట్లో పడితే అవుటని ఎన్ని సొంత రూల్సు పెట్టుకోలేదు? ఇంకొకటి పెట్టుకోలేమా?

వేరే స్థలం కొనడం, చుట్టూ గోడ కట్టి "దివ్యాంగుల పార్కు" అని బోర్డు పెట్టడం నాకు ఇష్టం లేదు. బెంగళూరులో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న కిలికిలి అనే ట్రస్టు మంచి దారి చూపించింది. వాళ్ళు కొత్త స్థలం అడగలేదు. కోల్స్ పార్కు లాంటి నగరపాలక సంస్థ పార్కుల్లోనే మార్పులు చేయించారు, పిల్లలందరూ కలిసి ఆడే చోటుగా మార్చారు. మన రాష్ట్రంలో విశాఖ బీచ్ రోడ్డులో స్మార్ట్ సిటీ నిధులతో ఆల్ ఎబిలిటీస్ పార్కు కట్టారు. బాగుంది. కానీ సాయంత్రం ట్యూషన్‌కి ముందు అరగంట ఆడుకోవడానికి పెదకాకాని పిల్ల విశాఖ పోలేదు కదా. ఆట అనేది ఇంటినుంచి పిలిస్తే వినపడేంత దూరంలో ఉండాలి.

"ఇది ప్రభుత్వం పని కాదా?"

అవును, ప్రభుత్వం పనే. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని సెక్షన్ 30 క్రీడాసదుపాయాలు వాళ్ళకీ అందేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత అని చెబుతోంది. సెక్షన్ 16 బడుల్లో ఆటల అవకాశం అందరితో సమానంగా ఉండాలంటోంది. ఉన్న ప్రజా భవనాల్ని మార్చడానికి చట్టం ఇచ్చిన ఐదేళ్ళ గడువు 2022లోనే దాటిపోయింది. రాజీవ్ రటూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోతే చాలదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని చెప్పింది. ఆ తీర్పుకి ముందు దేశంలో పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయమే.

మరి చందా ఎందుకు? ప్రభుత్వం బదులు మనం చేయడానికి కాదు, ప్రభుత్వాన్ని లాక్కురావడానికి. స్థలం పంచాయతీది కావాలి, తీర్మానం పంచాయతీది కావాలి. మండలంలోని భవిత కేంద్రం టీచర్లకీ ఫిజియోథెరపిస్టులకీ ఏ పిల్లకి ఏం కావాలో తెలుసు, వాళ్ళు కమిటీలో ఉండాలి. కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత నిధుల్ని గ్రామీణ క్రీడలకీ పారాలింపిక్ క్రీడలకీ ఖర్చుపెట్టొచ్చు. ఊరు తన వాటా ముందు చూపిస్తే ఆ తలుపులు తట్టడం సులువు. ఖాళీ చేతుల్తో పోయినవాడికి అర్జీ రసీదు దొరుకుతుంది. ప్లాను, ఎస్టిమేటు, సగం డబ్బు పట్టుకుపోయినవాడికి కుర్చీ వేస్తారు.

ఒక ప్రమాదం ఉంది, ఒప్పుకుందాం. ఊరే కట్టుకుంటే, "చూశారా, ప్రజలే చేసుకుంటున్నారు" అని ప్రభుత్వం తప్పుకోవచ్చు. అందుకే మొదటి తీర్మానంలోనే ఏది ఎవరి వంతో రాసుకోవాలి. స్థలం, నీళ్ళు, కరెంటు, మరుగుదొడ్డి పంచాయతీవి. నేల, నీడ, ఆట సామాను చందావి. రాసుకోనిది ఎవరిదీ కాదు.

మన వంతు

మన ఫెస్టుకి స్పాన్సర్ల కోసం గుంటూరు, విజయవాడ షాపులన్నీ తిరుగుతాం. ఆ తెలివి ఇక్కడ పెట్టొచ్చు. కానీ డబ్బుకంటే ముందు ఇవ్వగలిగినవి రెండున్నాయి. ఒకటి కొలతలు, డ్రాయింగు, ఎస్టిమేటు. బయట డబ్బుపెట్టి చేయించుకునే పని ఇది, మనకి మినీ ప్రాజెక్టు. రెండు, శని ఆదివారాల సాయంత్రాలు. నేల ఒక్కటే ఉంటే చాలదు, "రా, నువ్వు మా టీమ్" అనే మనుషులుండాలి.

ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్ళు ఒక్క పని చేయండి. లాప్‌టాప్ తెరవకముందు ఒక చక్రాల కుర్చీ అరువు తెచ్చుకుని, అందులో కూర్చుని, పెదకాకాని వీధుల్లో ఏదైనా బడి గేటు నుంచి గ్రౌండు మధ్యదాకా ఎవరి సాయం లేకుండా వెళ్ళి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. తర్వాత ఆ కుర్చీలో రోజూ ఉండే పిల్లల్ని అడగండి, మీ గీతలు ఎన్ని తప్పో వాళ్ళు చెబుతారు. మొదటి డ్రాయింగు ఆ సవరించిన గీతలమీద వేయండి. చందా పుస్తకం ఆ తర్వాత తెరుద్దాం.